నడిమి వరస జాకీలు

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుందంటారు. సింహాచలానికి అంత తక్కువ చోటు చాలదు. ఆయనకి ఒళ్ళంతా కోపమే. సింగపూరులో కూలీలుండే డార్మిటరీలో గ్యాసు అయిపోయిన రోజున, కుక్కరు పట్టుకెళ్ళి మేస్త్రీ పక్కన పెట్టండ్రా, అదే ఉడుకుద్ది అని కుర్రాళ్ళు నవ్వుకునేవారు. ఆయన చెవిన పడితే గిన్నె ఎగిరేది. అయినా అనేవారు. గిన్నె ఎగిరాక దాన్ని తీసుకొచ్చి కడిగిపెట్టేదీ ఆయనే గనక.

ఆయనది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి అవతల ఒక చిన్న ఊరు. మేనమామ వెంట విశాఖపట్నం పోయి సెంట్రింగు పని నేర్చాడు. స్లాబు పోసే ముందు కింద గుంజలు నిలిపి, పైన పలకలు పరిచి, కాంక్రీటుకి ఒక మూస కట్టిపెట్టే పని అది. అప్పట్లో ఇనుప జాకీలెక్కడివి, అన్నీ సరుగుడు గుంజలే. ఈ పనిలో ఒక అన్యాయం ఉందని ఆయన చిన్నప్పుడే కనిపెట్టాడు. ఇల్లు కనపడాలంటే సెంట్రింగు ఊడదియ్యాలి, ఊడదీశాక సెంట్రింగువాడు ఎవరికీ కనపడడు. గృహప్రవేశానికి తాపీమేస్త్రీకి బట్టలు పెడతారు, వడ్రంగికి పెడతారు. గుంజలు నిలిపినవాణ్ణి పిలిచిన ఇల్లు ఆయన ఎరగడు. ఆ కోపం అప్పుడు మొదలైంది కాబోలు, ఇంకా ఆరలేదు.

పెళ్ళయ్యాక భార్య అన్నగారు అప్పయ్య ఆయన దగ్గర పనిలో చేరాడు. ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటూ పదేళ్ళు ఒకే మూస కింద బతికారు. సింగపూరుకీ కలిసే వచ్చారు. అది కంప్యూటర్ల కాలం. రెండువేల సంవత్సరం అప్పుడే దాటింది. విమానంలో ఇటు ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు, అటు ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు, నడుమ ఈయన. ఊరికి ఫోను చేస్తే బూత్ కుర్రాడు కూడా, ఏం మావా, సింగపూరంటే కంప్యూటరేనా అని అడిగేవాడు. కంప్యూటర్లున్న మేడల కిందేరా, బాగా కింద, అనేవాడు సింహాచలం.

ఆ మాటలో అబద్ధం లేదు. అప్పట్లో భూమి కింద కొత్త రైలు దారి వేస్తున్నారు. సొరంగంలోకి గాలి పోవడానికి పైనుంచి ఒక పెద్ద బావి తవ్వారు. శ్రీకాకుళం వాళ్ళు దాన్ని నుయ్యి అనేవారు. అక్కడ నేలంటే నేల కాదు, సముద్రం వదిలిపోయిన మెత్తటి బురద. నాలుగు పక్కలా కాంక్రీటు గోడలు దింపి, అవి లోపలికి ఒరిగిపోకుండా ఈ గోడకీ ఆ గోడకీ మధ్య మనిషి దూరేంత లావు ఇనుప దూలాలు అడ్డం పెట్టారు. కిందకి దిగుతూంటే ఒక రాక్షసుడి పక్కటెముకల్లోంచి దిగుతున్నట్టుండేది. అడుగున స్లాబు పోయాలి, గట్టిపడాలి, అప్పుడు గాని దానిపైనున్న దూలం తియ్యకూడదు. ఆ పైన ఇంకో స్లాబు, ఇంకో దూలం. ఏది ఎప్పుడు పెట్టాలన్నది సగం పని. ఏది ఎప్పుడు తియ్యాలన్నదే అసలు పని. కట్టడం తాగుబోతు కూడా కడతాడు, ఊడదియ్యడం దగ్గర మనిషి కావాల అని సింహాచలం కొత్తవాళ్ళకి చెప్పే మొదటి మాట.

సెంట్రింగువాళ్ళకి ఊడదియ్యడంలో రెండు మెట్లున్నాయి. ముందు జాకీ మెడలో ఉన్న మర తిప్పి బిగువు తగ్గిస్తారు. దాన్ని 'వదలడం' అంటారు. శ్రీకాకుళం నోట్లో అది 'ఒగ్గడం'. ఆ తరవాత జాకీ, పలక తీసి పక్కన పెడతారు. అది 'ఊడదియ్యడం'. ఒగ్గిన జాకీ నిలబడే ఉంటుంది గాని బరువు మొయ్యదు. ఈ రెండు మాటలే ఈ కథ. ఇవి తెలియని మనిషి ఆ బావి పైన నిలబడి వాకీటాకీ పట్టుకున్నాడు.

అతని పేరు చక్రధర్. విజయవాడ పిల్లవాడు, సివిలు ఇంజనీరు. మంచివాడే. కింద వాళ్ళని మీరు అనేవాడు, చలిమిడి తెస్తే పంచేవాడు. కాని మనసు సైటు మీద లేదు. భార్య నిఖిల రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ల మీద పనిచేసేది. తన తోటివాళ్ళంతా సిమెంటు దులుపుకుని అటే పోతున్నారు, తనూ సాయంత్రం క్లాసులకి వెళ్ళి ఆ పని నేర్చాడు, ఉద్యోగం కూడా దొరికింది. ఇంక కొద్ది రోజులు బూట్లకి బురద అంటించుకుని వెళ్ళిపోతే చాలు. ఈ సంగతి బావి అడుగున ఉన్నవాళ్ళకి కూడా తెలుసు. పైవాడి మనసు ఎక్కడుందో కిందవాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అడుగు స్లాబు మీద జాకీలు నిలిపి, వాటిపైన రెండో స్లాబు పోశారు. ఆ రోజు ప్రాజెక్టు మేనేజరు లిమ్ పైనుంచి ఇంగ్లీషులో చెప్పాడు. పక్కలవి ఊడదియ్యండి, మధ్య వరస జాకీలు ఉంచండి, స్లాబు మీదకి ఇనుము దింపుతున్నాం అని. ఉంచండి అన్నదానికి ఆయన వాడిన మాట 'లీవ్'. చక్రధర్ చెవిలో అది పడింది, నోట్లోంచి తెలుగులో బయటికొచ్చింది.

"పక్కలవి ఊడదీయండి. మధ్య వరస వదిలెయ్యండి."

ఇనుము దింపుతున్న సంగతి చెప్పలేదు. చెప్పాననే అనుకున్నాడు.

కింద సింహాచలం అప్పయ్య వైపు తిరిగి, నడిమి వరస ఒగ్గీమన్నాడ్రా అన్నాడు. అప్పయ్య మర తిప్పడం మొదలెట్టాడు. ఇటు కొసనుంచి ఆయన, అటు కొసనుంచి ఈయన. సగం వరస ఒగ్గేసేసరికి పైన క్రేను ఇనుప కట్టని స్లాబు మీద దించింది. స్లాబు ముసలి ఎద్దు మూలిగినట్టు మూలిగింది. మిగిలిన జాకీల్లో ఒకటి వంగి, తన్నినట్టు ఎగిరి అప్పయ్య మోకాలి కింద తగిలింది. స్లాబు పగిలింది గాని పడలేదు. పడివుంటే ఈ కథ చెప్పడానికి మనుషులుండేవారు కాదు.

అప్పయ్యని క్రేను బుట్టలో పైకి లాగారు. సింహాచలం నిచ్చెన మెట్లెక్కి పైకొచ్చేసరికి చక్రధర్ లిమ్ ముందు నిలబడి చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నాడు. అందులో 'లీవ్' అన్న ముక్క ఒక్కటే ఈయనకి అర్థమైంది. ఆ ముక్కే తన మెడకి తాడవుతోందని అర్థం కాలేదు.

విచారణ సైటు ఆఫీసులో జరిగింది. ఆఫీసంటే ఒక ఇనుప కంటెయినరు, దానికో ఏసీ. చక్రధర్‌దే మాట గనక అతను తర్జుమా చెయ్యకూడదన్నారు. అందుకని క్యాంటీను నడిపే అరుణమ్మని పిలిచారు. అరుణమ్మ తాతల నాడే వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం మనిషి. ఆమె తెలుగు ఆమె నాయనమ్మ తెలుగు, దానికి తమిళం పోపు, మలయ్ భాష తాలింపు; ఇంగ్లీషు మాట్లాడితే చివర ఒక 'లా' తగిలించడం అక్కడివాళ్ళ అలవాటు. అన్నం వేళైతే, మకాన్ అయిందా నాయనా అని అడుగుతుంది. మనసు వెన్న. కాని మూసలకీ జాకీలకీ ఆమె నోరు తిరగదు.

సింహాచలం ఉన్నదున్నట్టు చెప్పాడు. వదిలెయ్యమన్నాడు, వదిలేశాను.

అరుణమ్మ దాన్ని ఇంగ్లీషులోకి దించింది. ఆయన లీవ్ అన్నాడు, ఈయన లీవ్ అయ్యాడు లా, అని. లిమ్ నొసలు ముడిపడింది. అంటే ఈయన పనిచోటు వదిలి వెళ్ళిపోయాడా, చెప్పిన పని వినకుండా బయటికి నడిచాడా? అరుణమ్మకి అదీ తిన్నగా అర్థం కాలేదు, తల ఊపింది. చెప్పకుండా జాకీలు విప్పాడు, ఆపైన వెళ్ళిపోయాడు, అని వాళ్ళు అనుకున్నారు. చక్రధర్ అక్కడే ఉన్నాడు. అతనికి రెండు భాషలూ వచ్చు. ఆ గదిలో జరుగుతున్న తప్పు మొత్తం తెలిసిన మనిషి అతనొక్కడే. నేల చూశాడు.

సోమవారం మళ్ళీ కూర్చుంటాం, అంతదాకా బావిలోకి దిగొద్దు, తప్పు తేలితే ఇంటికి పంపేస్తాం అన్నారు. ఇంటికి పోవడానికి సింహాచలం భయపడలేదు. ఏ పేరుతో పోతాడన్నదే ఆయన్ని కాల్చింది. మాట వినక బావ కాలు విరగ్గొట్టిన మేస్త్రీ. ఆ పేరు ఆయనకన్నా ముందే విమానం ఎక్కేసింది. ఎందుకంటే ఆసుపత్రిలో అప్పయ్యకి కంపెనీ వాళ్ళు తమిళంలో అలాగే చెప్పారు, అప్పయ్య తన చెల్లెలికి, అంటే ఈయన భార్యకి, ఫోనులో అలాగే చెప్పాడు.

చూడ్డానికి వెళ్తే అప్పయ్య గోడ వైపు తిరిగాడు. కాలు తాళ్ళకి వేలాడుతోంది.

"ఉంచమంటే ఒగ్గేసినావంట గదా బావా" అన్నాడు, గోడతో.

సింహాచలానికి ఎవడైనా ఎదురుగా తిడితే తిరిగి తిట్టడం వచ్చు. గోడతో మాట్లాడే మనిషిని ఏం చెయ్యాలో రాదు. పట్టుకెళ్ళిన బత్తాయిలు మంచం మీద పడేసి వచ్చేశాడు. ఒకటి దొర్లి మంచం కింద పడితే వంగి తీసి మళ్ళీ పైన పెట్టి మరీ వచ్చాడు.

ఆదివారం నాడు జురాంగ్ ఈస్ట్‌లో చక్రధర్ ఉండే బ్లాకు వెతుక్కుంటూ పోయాడు. లిఫ్టు ఆ అంతస్తులో ఆగేది కాదు, పై అంతస్తులో దిగి మెట్లు దిగాలి. అదీ ఆయనకి కోపమే. ఈ మనిషిని కలవాలంటే పైకి పోయి కిందకి రావాలన్నమాట అనుకున్నాడు. చెప్పులు విడిచే చోట చక్రధర్ సైటు బూట్లు కనపడ్డాయి, శుభ్రంగా కడిగి ఎండబెట్టి ఉన్నాయి. వాటిని చూడగానే కాలు ఎగరేసి తన్నాలనిపించింది. తన్నలేదు.

నిఖిల తలుపు తీసి, రండి అంకుల్ అని కుర్చీ వేసి టీ పెట్టబోయింది. వద్దన్నాడు. చక్రధర్ లోపలి గదిలోంచి వచ్చాడు. కూర్చోండి మేస్త్రీ గారూ అంటే కూర్చోలేదు.

తగువులాడటానికే వచ్చాడు గాని, దారిపొడుగునా కూర్చుకున్న తిట్లన్నీ ఆ ఇంటి నున్నటి నేల మీద జారిపోయాయి. అడగవలసింది ఒక్కటే మిగిలింది. బాబూ, ఆ పొద్దు నువ్వు నాతో ఏటన్నావు అన్నాడు.

ఉంచమనే కదా నేనన్నది, లిమ్ చెప్పిందే చెప్పాను, లీవ్ అంటే అర్థం అదే కదా, అని చక్రధర్ ఏదో వివరించబోయాడు. కొత్త కంపెనీ వాళ్ళు పాత కంపెనీని అడుగుతారనీ, ఈ సమయంలో తన పేరు మీద ఒక మచ్చ పడితే మొత్తం పోతుందనీ కూడా అన్నాడు. మీకు అర్థమవుతుంది కదా అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"అర్థమా?" అన్నాడు సింహాచలం. "కట్టేసిన మేకని సూపించి, దాన్ని వదిలెయ్‌రా అంటే మీ బెజవాడలో ఏటి సేస్తారు? ముడి ఇంకా గట్టిగా ఎయ్యరు గదా? నువ్వు లీవ్ అన్నది ఆ దొరతోటి. నాతోటి అన్నది వదిలెయ్యండని. నీకు రెండు నాలికలున్నాయి, మా అప్పయ్యకి కాళ్ళు రెండే."

వంటింటి గడప దగ్గర నిఖిల నిలబడి వింటోంది.

"మీరు వాడిన మాట ఏది?" అని భర్తని అడిగింది. "అర్థం చెప్పకండి, మాట చెప్పండి."

చెప్పాడు.

"మరి అదే అక్కడ చెప్పొచ్చుగా" అంది. "మా దగ్గర ఒక్క మాటకి రెండర్థాలు పెట్టి ప్రోగ్రాం రాస్తే మెషినే ఒప్పుకోదు, తిప్పి కొడుతుంది. ఈయన మనిషి కాబట్టి చేసేశారు."

చక్రధర్ ఆవిణ్ణి, ఇది నీకు అర్థం కాదులే అని కసిరాడు. నాకు ఇప్పుడే అర్థమైంది అందామె.

సింహాచలం వాళ్ళ మధ్యకి పోలేదు. తన మాట తను చెప్పేశాడు. "నా తరపున ఏటీ సెప్పక్కర్నేదు బాబూ. నాను మంచోడినని సెప్పకు. నాతో అన్న మాట, తెలుగులోనే, ఆళ్ళ ముందర ఒక్కసారి అను. అంతే." మెట్లన్నీ నడిచే దిగాడు.

సోమవారం మళ్ళీ అదే కంటెయినరు, అదే ఏసీ. లిమ్, సేఫ్టీ ఆఫీసరు ఒకాయన, అరుణమ్మ, చక్రధర్, ఇటు చివర సింహాచలం. లిమ్ మొదలెట్టాడు. చక్రధర్ ఇంగ్లీషులో, నేను వాళ్ళకి లీవ్ చెయ్యమని చెప్పాను, అని మళ్ళీ ఆ పాత పాటే అందుకున్నాడు.

"తెలుగులో" అన్నాడు సింహాచలం.

లిమ్ అరుణమ్మ వైపు చూశాడు. తెలుగులో చెప్పమంటున్నాడు లా, అందామె. లిమ్, తనకి తెలుగు రాదు కదా, ఏం లాభం అన్నాడు. నాకు వచ్చు కదా, నన్ను పిలిచింది ఎందుకు, అడ్డం పెట్టిన దూలంలా కూర్చోడానికా, అంది అరుణమ్మ. మొదటిసారి తను చేసిన తర్జుమాలో ఏదో పొరపాటు జరిగిందని ఆవిడకి అప్పటికే అనుమానం పట్టుకుంది. అందుకని ఆవిడకీ కోపంగానే ఉంది.

బయట క్రేను తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. చక్రధర్ కళ్ళెత్తకుండానే అన్నాడు.

"మధ్య వరస వదిలెయ్యండి అన్నాను."

అరుణమ్మ కాసేపు ఆ మాట నోట్లో నమిలింది. మా నాయనమ్మ కోడిని గంప కింద మూసేది నాయనా, అని సింహాచలంతో మొదలెట్టి, లిమ్‌కి ఇంగ్లీషులో ముగించింది. పొద్దున్నే గంపెత్తి కోడిని వదిలెయ్ అంటే బయటికి పంపమని. అదే కోడిని పిల్లలు తరుముతూంటే, వదిలెయ్ అంటే దాని జోలికి పోవద్దని. ఈ మాటకి ఉంచడమూ అర్థమే, విప్పడమూ అర్థమే. జాకీ తిప్పేవాళ్ళకి మాత్రం విప్పడం ఒక్కటే.

మరి ఏ అర్థమో మీవాళ్ళకి ఎలా తెలుస్తుంది అని లిమ్ అడిగాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. అరుణమ్మ ఆ ప్రశ్నని సింహాచలానికి అందించింది.

"అడగాల" అన్నాడాయన. "ఉంచడమా, ఒగ్గడమా అని నాను అడగాల. అడగనేదు. ఒకసారి సెప్తే అర్థం కాదా అని మావోళ్ళని తిట్టే నోరే నాది, ఆ నోటితో ఎలగ అడుగుతాను? కాని ఇనుము దింపుతన్నామన్న ముక్క ఈ బాబు సెప్పుంటే, అడగక్కర్నేదు. మీద బరువు పడతాదంటే ఏ ఎర్రోడూ జాకీ ఒగ్గడు."

చక్రధర్ అప్పుడు, అడక్కుండానే, ఆ సంగతి నేను చెప్పలేదు అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు. ఎవరూ తర్జుమా చెయ్యలేదు గాని అతని మొహం చూసి సింహాచలానికి అర్థమైంది.

లిమ్, సేఫ్టీ ఆఫీసరు గుసగుసలాడుకున్నారు. తీర్పు చెప్పారు. మేస్త్రీ మాట వినకపోవడం అన్నది లేదు. ఆయన రేపట్నించి బావిలోకి దిగవచ్చు. ఇది ఎవరి తప్పూ కాదు, భాష వల్ల వచ్చిన ఇబ్బంది. ఇకమీదట వాకీటాకీలో తెలుగు మాట్లాడకూడదు. ఉంచాలంటే 'స్టే', విప్పాలంటే 'ఓపెన్'.

అరుణమ్మ సంతోషంగా ఇదంతా తెలుగులో చెప్పింది. నువ్వు గెలిచావు నాయనా అంది. సింహాచలం చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవలి తప్పూ కాదంట? తెలుగు తప్పంటనా?" అన్నాడు. "అమ్మా, దొరకి సెప్పు. ఆ మాట అన్నోడు పైనున్నాడు. ఇన్నోడు కిందున్నాడు. పైనున్నోడు ఒక మాటకి ఎన్ని అర్థాలైనా పెట్టుకోవచ్చు. కిందున్నోడి మీద ఒకటే స్లాబు పడతాది. భాష కాలు ఇరగనేదు, అప్పయ్య కాలు ఇరిగింది. ఆసుపత్రికి పోయి ఆ ముక్క ఆయనతోటి మీరే సెప్పండి."

అరుణమ్మ కాస్త తగ్గించి చెప్దామనుకుంది. ఆయన చూసిన చూపుకి ఉన్నదున్నట్టే చెప్పేసింది. లిమ్ ఫైలు మూసి, చేతిగడియారం వైపు చూసి, పద అన్నాడు. ఎవరితో అన్నాడో అనుకున్నారు. చక్రధర్‌తో, సేఫ్టీ ఆఫీసరుతో, సింహాచలంతో, అందరితోనూ. తన కారు తనే తీశాడు.

ఆసుపత్రిలో అంతమంది మంచం చుట్టూ చేరేసరికి అప్పయ్య తన కాలు తీసేస్తారేమోనని హడలిపోయాడు. చక్రధర్ తెలుగులో చెప్పాడు. నేనే అన్నాను, వదిలెయ్యండి అని. ఉంచండి అనాల్సింది. ఇనుము సంగతి చెప్పలేదు. మీ బావ మాట వినకపోవడమేమీ కాదు. అంతవరకూ చెప్పి, క్షమించమని అడగబోయి, సింహాచలం మొహం చూసి ఆగిపోయాడు. లిమ్ మంచం పట్టీ మీద చెయ్యి వేసి ఏదో గొణిగాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

బావలిద్దరే మిగిలారు. అప్పయ్య పైకప్పు చూస్తూ ఆలోచించాడు.

"బావా, ఒగ్గీమన్నాడని నాకూ ఇనపడ్డాది గదా" అన్నాడు నెమ్మదిగా. "వాకీటాకీ మన నడుమనే ఉంది. నా సెవులతోటే ఇన్నాను."

సింహాచలం ఇంతసేపూ నిలబడే ఉన్నాడు. ఇప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇన్నావా? ఇనీ గోడకేసి తిరిగినావా?"

"కంపెనీ వోళ్ళు వొచ్చి సెప్పినారు గదా. టై కట్టుకునున్నాడొకడు. తప్పుగా ఇన్నానేమో అనుకున్నాను."

"టై కట్టుకుంటే నీ సెవులు ఆడివైపోతాయా? పదేళ్ళు నా పక్కన మర తిప్పినావు. మీ సెల్లికి ఫోను కూడా సేసినావు. దరిద్రుడా, ముందు ఆ ఫోను మళ్ళీ సెయ్యి."

"అరవకు బావా, ఇది ఆసుపత్రి."

"అరుస్తాను. ఇన్నాళ్ళూ అరవడానికి మనిషి దొరకనేదు నాకు."

నర్సు వచ్చి తలుపు దగ్గర నిలబడింది. మెల్లగా మాట్లాడమని చేత్తో సైగ చేసింది. సింహాచలం ఆవిడకి దణ్ణం పెట్టి, గొంతు తగ్గించి, అక్కణ్ణించే మళ్ళీ అందుకున్నాడు. తిడుతూనే బత్తాయి ఒకటి తీసి ఒలిచాడు. అప్పయ్య ఒక్కో తొన తింటూ, మధ్య మధ్య తనూ ఒక మాట తగిలిస్తూ, విరిగిన కాలు కదలకుండా చూసుకుంటూ పూర్తిగా ఇటు తిరిగి పడుకున్నాడు.